వీపు తెలియని కవచం

మా వీధి రేకుల మేస్త్రి పోయాడు. మొన్న ఆదివారం, చర్చిలో మొదటి గంట కొట్టకముందే. నేనప్పుడు కె. కోటపాడులో చెరకు రైతుల మీటింగుకి కరపత్రాలు పంచుతున్నాను. సెల్లుకి కబురొచ్చింది. చేతిలో మిగిలిన కట్ట ఎవరికిచ్చానో గుర్తు లేదు. అనకాపల్లి దాకా బస్సులో నిలబడే వచ్చాను.

ఆయన నాకు చుట్టం కాదు. నేను మామా అనేవాణ్ణి, ఆయన అల్లుడా అనేవాడు, అంతే. పాత డబ్బాలు విప్పి గరాటాలు చేయడం, కారే బిందెలకు మాటు వేయడం ఆయన పని. క్రిస్మస్ దగ్గర పడితే మాత్రం గరాటాలు మూలకి జరిగేవి. చర్చి నాటకంలో, బాలయేసు కోసం బెత్లెహేములో పసిపిల్లల్ని చంపించే హేరోదు రాజు భటులకు కవచాలు చేసేది ఆయనే.

నమూనాకి ఆయన దగ్గరున్నది ఒకే ఒక్క ఫోటో. ఎప్పుడో వచ్చిన జర్మనీ పాదిరి ఇచ్చి వెళ్లాడట. వాళ్ల దేశంలో ఆరేడు వందల ఏళ్ల కిందటి ఒక ప్రభువు సమాధి అది. మూత మీద రాతిలో చెక్కిన మనిషి నిండు కవచంతో వెల్లకిలా పడుకుని, చేతులు జోడించి ఉంటాడు. కాళ్ల కింద చిన్న సింహం. అలా మా ఊళ్లో హేరోదు భటులు ఏళ్ల తరబడి జర్మనీ దొర వేషంలోనే బెత్లెహేముకు వెళ్తున్నారు. ఇదేమిటని ఎవరూ అడగలేదు. అడిగింది నేను.

"మామా, ఇది ఏసుప్రభువు కాలంది కాదు. ఈడు దొర. రైతుల గింజలు ఊడ్చుకున్నోడు. ఈడి డ్రెస్సు మనకెందుకు?" కరపత్రాల్లో చదివిన భూస్వామ్యమంతా ఆయన నెత్తిన కుమ్మరించాను.

ఆయన ఫోటోని కళ్లకు దగ్గరగా పట్టుకున్నాడు. "దొర సంగతి దేవుడు సూసుకుంటాడు గానీ అల్లుడా, ఈ మోకాలి సిప్ప సూడు. కాలు వంగితే పట్టకుండా ఎలా మడిసేడో! ఇది సేసినోడు దొర కాదు, మనలాటి పనోడే. ఆడి పేరెవడైనా రాసేడేటి?"

ఆ మాట నా కరపత్రాల్లో లేదు. ఉండాల్సింది. శ్రమ గురించి చాలా చదివాను గాని, వేలు పెట్టి చూపించింది ఆయనే.

రాతి మనిషి మెడ నుంచి భుజాల మీదికి ఇనుప రింగుల అల్లిక జారి ఉంటుంది. దానికోసం మేస్త్రి భార్య, మా అత్త, పురికొసతో వల అల్లితే ఆయన వెండి రంగు పూసేవాడు. గుండె మీద నుంచి రెండు గొలుసులు దిగి ఒకటి కత్తి పిడికి, ఇంకొకటి బాకుకి తగిలి ఉంటాయి. కుక్కలకు కట్టే గొలుసులు తెచ్చి అవీ పెట్టాడు. "కోపంలో మనిషికి పట్టుండదు. జారిన కత్తి మళ్లీ అందాలి గదా."

తీరని లోటు ఒక్కటే. రాతి మనిషి వెల్లకిలా పడుకున్నాడు. వీపు ఎలా ఉందో ఎవరికి తెలుసు? ఊహించి వెనక కూడా రేకే పెట్టేవాడు. కుర్రాళ్లకి చంకలు కోసుకునేవి.

"నువ్వు ఇశాపట్నం ఎల్తుంటావు గదా. పెద్ద లైబ్రరీలో ఈడి ఈపు సూసి సెప్పవా? సచ్చేలోపు ఒక్క జత సరిగ్గా సెయ్యాలనుంది." అప్పటికే దగ్గుతున్నాడు. సరేనన్నాను.

పోయిన క్రిస్మస్‌కి నేనే భటుణ్ణి. పసిపిల్లల్ని చంపి రమ్మని హేరోదు ఆజ్ఞాపించాడు. నేను "చిత్తం మహారాజా" అనాలి. నా ఒళ్లు మండింది. "చంపను! భటులారా, ఆయుధాలు పారేయండి!" అని అరిచి కత్తి విసిరేశాను. ఎదురుగా చాపల మీద సండే స్కూలు పిల్లలు. గొలుసు పట్టి లాగింది. కత్తి గాల్లోంచి తిరిగొచ్చి నా మోకాలి చిప్ప మీదే ఠంగుమంది. జనం విరగబడి నవ్వారు.

తెర వెనక మేస్త్రి ఆ కత్తి అందుకుని అంచు చూపించాడు. "రేకు అంచు అల్లుడా! ఆ పిల్లల కళ్లేటయ్యేవి? నీ నోరు నిజమే సెప్పింది. సెయ్యెందుకు పాడుసేసుకున్నావు?"

"నీ దొరకి నొప్పెట్టిందా?" అన్నాను, అందరి ముందూ.

ఆయన నా తల మీది రేకు టోపీ తీసి, తువ్వాలుతో నా చెమట తుడిచాడు.

ఆ తర్వాత ఆ దుకాణం వైపు వెళ్లడం మానేశాను.

వేసవిలో విశాఖపట్నం లైబ్రరీలో ఇంకేదో వెతుకుతుంటే ఆ పుస్తకం కంటపడింది. పాత కవచాల బొమ్మలు, వీపులతో సహా. జర్మనీవాళ్ల అప్పటి కవచానికి వెనక రేకు లేదు. పలకలు గుడ్డకి లోపలి వైపు రివెట్లతో బిగించి ఉన్నాయి. వీపు మీద తోలు పట్టీలు, బకిల్సు. తొడుక్కున్నవాడి చెయ్యి అక్కడికి అందదు. ఎంత దొరైనా, వెనక ఇంకొకడు నిలబడి బిగిస్తేనే యుద్ధానికి కదలగలడు. ఇది మామకి చెప్పాలని గబుక్కున లేచి నిలబడ్డాను. పేజీ జిరాక్స్ తీయించాను.

ఊరొచ్చేసరికి పౌరుషం అడ్డొచ్చింది. ఆయనే పిలిస్తే ఇద్దామనుకున్నాను. నాలుగు నెలలు ఆ కాగితం నా సంచిలో కరపత్రాల మధ్య ఉంది. మా రెండిళ్లకీ మధ్య దూరం నాలుగు గుమ్మాలు. మంచం పట్టాడని విన్నాను. అప్పుడూ వెళ్లలేదు. అన్యాయం ఎక్కడ జరిగినా అడుగుతానని చెప్పుకు తిరిగేవాణ్ణి.

సమాధి చేసిన మూడో రోజు కాగితం పట్టుకెళ్లాను. అత్త దుకాణం తలుపు తీసింది.

"మామ నన్ను తిట్టుకున్నాడా?"

"తిట్టడం వచ్చేటి ఆయనకి? 'ఆడికి కోపమే గానీ మరుపు నేదు, తెత్తాడు' అనీవోడు. ఎనక ఎలా బిగించాలో నువ్వొచ్చి సెప్పేక బెజ్జాలు కొడతానన్నాడు. అదిగో, సూడు."

గోడ మేకులకు నాలుగు కొత్త కవచాలు వేలాడుతున్నాయి. ముందు భాగం మాత్రమే. చెయ్యి కోసుకోకుండా అంచులన్నీ లోపలికి మడిచి ఉన్నాయి. ఒకదాన్ని తిప్పాను. లోపల బోలుగా ఉంది. నూనె డబ్బా మీది వేరుశనగ కాయల బొమ్మ తలకిందులుగా కనిపిస్తోంది. రెండు అంచుల వెంట సుద్దముక్కతో వరసగా చుక్కలు పెట్టుకున్నాడు. ఒక్క బెజ్జమూ కొట్టలేదు.