వయసు చూసి ఎక్కించుకునే బస్సు

నన్ను మొదటిసారి రొయ్యల ఫ్యాక్టరీ బస్సు ఎక్కించింది మా పెద్దమ్మ. అప్పటికి నాకు ఇరవై నిండలేదు. కోతలకి మిషన్లు దిగాక మా గోదావరి లంక ఊళ్ళో ఆడవాళ్ళకి పొలం పని కరువైంది. వారమంతా కాకినాడ దగ్గర ఫ్యాక్టరీ హాస్టల్లో ఉండి, ఐసు నీళ్ళలో రొయ్యల తలలు తుంచేవాళ్ళం.

పెద్దమ్మకి యాభై దాటింది. కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు వయసు మళ్ళినవాళ్ళని ఏరి పంపేస్తున్నాడని తెలిసి జుట్టుకి రంగేసుకుంది. ఒకరోజు ఆమె తడి టోపీ అంచున నల్లటి మరక అతని కంటబడింది.

"మామ్మగారూ, మీకెన్నేళ్ళండి?"

"నలభై రెండండి."

"అయితే ఆ గేటు దాకా పరిగెత్తండి, చూద్దాం."

పెద్దమ్మ నిజంగానే పరిగెత్తింది. బరువైన రబ్బరు బూట్లు, నీళ్ళు నిలిచిన గచ్చు. మోకాలి మీద పడింది. కుర్రపిల్లలు కిసుక్కున నవ్వారు. లేపబోయిన నన్ను అతను కసిరి వెనక్కి పంపాడు. "మీ ఇంట్లో వయసు పిల్లుంటే పంపండి మామ్మగారూ. మీరు రావద్దు" అన్నాడు.

పెద్దనాన్న పోయి చాలా కాలమైంది. కూతురు ఇంటర్ చదువుతోంది. సోమవారం పెద్దమ్మ కుంటుకుంటూ వచ్చి ఆ పిల్లని బస్సులోకి తోసింది. పిల్ల తలుపు పట్టుకుని ఏడ్చింది. పెద్దమ్మ ఒక్కొక్క వేలే విడదీసింది.

యాభై దాటినవాళ్ళని అప్పుడు రమ్మన్నది జంగారెడ్డిగూడెం వైపు జీడిపిక్కలు కొట్టే షెడ్లే. పెద్దమ్మ అక్కడికి పోయింది. ఏడాది తర్వాత తిరిగొస్తే, పిక్కల నూనెకి వేళ్ళ తోలు కాలి నల్లగా ఊడిపోతోంది. అప్పటికి కూతురు తన ఈడు పిల్లలతో కలిసి చెన్నై అవతల ఏదో మిల్లుకి వెళ్ళిపోయింది. తల్లికి చెప్పలేదు.

"ఫోను కలపవే" అంది పెద్దమ్మ. కలిపి స్పీకర్ పెట్టాను.

"చెప్పకుండా పోయావేంటే?"

"చదువు మాన్పించినప్పుడు నన్నడిగావా?" అంది ఆ పిల్ల. గొంతులో కోపం కూడా లేదు. "నాకింక ఫోన్ చెయ్యకు."

కట్ అయింది.

"అన్నం తింటోందో లేదో అడగనేలేదు. మళ్ళీ కలపవే."

మూడుసార్లు కలిపాను. ఎత్తలేదు. మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ జంగారెడ్డిగూడెం బస్సెక్కింది.