వేళ్ల మధ్య దూది

ఆ రోజు నిజ్వా నుంచి మస్కట్ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న తెలంగాణ మనిషి, పొగ పీల్చే వేప్, అదే ఈ-సిగరెట్, విప్పి కాయిల్‌లోంచి మాడిన దూది లాగేశాడు. కొత్త దూది నులిమి ఆ తీగచుట్టలోకి దూర్చబోతుండగా బస్సు ఆగింది. పోలీసు ఎక్కాడు. ఒమన్‌లో వేప్‌లు నిషేధం.

"దాచెయ్యండి!" అన్నాను భయంగా.

అతను కదల్లేదు. వేళ్ల మధ్య దూదినే చూస్తున్నాడు.

"పొద్దుగాల దవాఖానల మా తమ్ముని ముక్కుల గిట్లనే పెట్టిన్రు మేడమ్. బిల్డింగ్ సైట్ల పైకెల్లి కింద పడ్డడు."

అతని ఒళ్లోని వేప్ తీసి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. పోలీసు మా కార్డులు చూశాడు. నా బ్యాగు వంక కాసేపు చూసి దిగిపోయాడు.

బస్సు కదిలాక వేప్ తిరిగివ్వబోయాను. అతను వద్దన్నట్టు తల ఊపాడు. మస్కట్‌లోని ఘాలాలో దిగేటప్పుడు కూడా ఆ దూది అతని పిడికిట్లోనే ఉంది.