జవాబు రాకపోతే

మెహమూద్‌ది నల్లగొండ. తండ్రి కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. కొడుకేమో కంప్యూటర్ చదువు చదివి, తొంభై ఏడులో మిర్యాలగూడ అవతలి ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కుదిరాడు. అక్కడ క్వారీకొక కంప్యూటర్, రాయి మోసే బెల్టుకొకటి, దాన్ని నలిపే క్రషర్‌కొకటి. మూడూ మూడు కంపెనీల సరుకు. ఒకదాని మాట ఇంకొకదానికి ఎక్కదు, ఏం సంసారమో! వాటి నడుమ మాటలు మోసే ప్రోగ్రాము మెహమూద్ రాశాడు. ఏది ఏ తీరుగా చెప్పినా విని, అవతలిదానికి తెలిసే తీరులో చెప్పడమే దాని పని. రేపు నాలుగో యంత్రం వచ్చినా ఇమిడేలా రాశాడు, తక్కువవాడు కాదు.

చిక్కంతా తీగలతో వచ్చింది. క్వారీలో బండలు పగలగొట్టే తూటాలు పేల్చినప్పుడల్లా ఎక్కడో ఒకచోట తీగ తెగేది. క్రషర్ తిరిగే ముందు ప్రోగ్రాము "లోపల మనిషున్నాడా?" అని, క్రషర్ గేటు తీసి ఎవరైనా దిగితే కనిపెట్టే పెట్టెను అడుగుతుంది. జవాబు రాకపోతే క్రషర్‌ను ఆపేస్తుంది. ఆగిందా, సూపర్‌వైజర్ కాటమయ్య తోలుపట్టా తీసి కూలీల మీద పడేవాడు. వీపులు చిట్లేవి. పర్వతాలు అనే కూలీకి ఒకరోజు చెవిలోంచి నెత్తురు కారింది. అడ్డం పోయిన మెహమూద్‌కూ ఒకటి తగిలింది.

"మీ డబ్బా పలుకకపోతే మా వీపులు పగలాల్నా సారూ? జర ఏదన్న చెయ్యిండ్రి," అని పర్వతాలు చేతులు పట్టుకున్నాడు.

మెహమూద్ మనసు కరిగింది. ప్రోగ్రాములో ఒక్క సంగతి మార్చాడు: జవాబు రాకపోతే, కిందటిసారి చెప్పిందే నిజమనుకోవాలి. క్రషర్ ఆగడం మానింది. తోలుపట్టా మేకుకెక్కింది. పర్వతాలు భార్య అండాలు జొన్నరొట్టెలు తెచ్చిపెట్టి, "నీ కడుపు సల్లగుండ అన్నా," అంది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు చూడండి, అదే జరిగింది. వానాకాలం ఒక పొద్దున క్రషర్ నోట్లో బండ ఇరుక్కుని అది ఆగిపోయింది. పర్వతాలు గేటు తీసి, గడ్డపారతో లోపలికి దిగాడు. కాస్త ముందే తూటా పేలి గేటు పెట్టె తీగ తెగింది. బెల్టు ఖాళీగా ఉందని కబురు రాగానే, క్రషర్‌ను తిప్పబోతూ ప్రోగ్రాము "మనిషున్నాడా?" అని అడిగింది. పెట్టె పలకలేదు. కిందటి జవాబు "లేడు". క్రషర్ తిరిగింది. ఒక్కటే కేక. బెల్టు మీద రాతితోపాటు వచ్చినదాన్ని చూసి కూలీలకు పిచ్చెత్తింది.

కాటమయ్యే తిప్పించాడనుకుని వాళ్లంతా అతని మీద పడ్డారు. గడ్డపారలు, రాళ్లు, కాళ్లు. అతని చెయ్యి విరిగిన చప్పుడు మెహమూద్‌కు వినిపించింది. చస్తే పీడ పోతుందని కూడా అనుకున్నాడు. నోరు మూసుకుంటే తన జోలికి ఎవరూ రారు, ప్రోగ్రాము సంగతి ఎవడికి తెలుసు? కానీ ఆగలేకపోయాడు. గుంపులో దూరి కాటమయ్య మీద అడ్డంగా పడ్డాడు.

"ఆయన కాదు! నేను చేసిన! పెట్టె పలుకకపోతే లోపల ఎవ్వరు లేరనుకొమ్మని నేనే రాసిన!"

చేతులు ఆగాయి. అండాలు జనాన్ని తోసుకుంటూ వచ్చి మెహమూద్ ముందు నిలబడింది.

"మనిషి పలుకకపోతే పోయి సూస్తరు గదన్నా," అంది. "లేడనుకుంటరా?"

ఆ మాటతోపాటే ఆమె చేతిలోని రాయి అతని నుదుటి మీద పడింది. ఆమె రెండో రాయికి వంగింది. మెహమూద్ చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.