జ్యోతిర్మయి చెప్పిన సాక్ష్యం

మాచవరంలో జ్యోతిర్మయి అంటే గొప్ప పేరు. రాదూ మరి? నర్సు చదువు చదివి, నరసరావుపేటలో హాయిగా ఉద్యోగం చేసుకునే పిల్ల, దేవుని సేవ అంటూ ఆఫ్రికాలోని మలావీ దేశం పోయి రెండేళ్లు ఉండి వచ్చింది. "మన పిల్ల మిషనరీ" అని పాస్టర్ యేసుపాదం గారు గురజాల దాకా చెప్పుకుని మురిసిపోయేవారు. మిరపకోతలకు పోయి వచ్చి, నడుములు పడిపోతున్నా, ఆడవాళ్లు ఆమె కోసం ఉపవాస ప్రార్థనలు చేశారు.

అక్కడ జరిగిందేమిటో మాత్రం ఆమె ఒక్కదానికే తెలుసు. వెళ్లిన కొత్తల్లోనే బెంగ పట్టుకుంది. తెలుగు మాట వినిపించదు. బొగ్గుల కుంపటి రాజేయడం చేతకాదు. ఆ చిన్న ఆసుపత్రిలో తనతో పనిచేసే తమాండా అనే నర్సు ఈ అవస్థ చూసి పగలబడి నవ్వింది. నవ్వడం అయ్యాక చెయ్యి పట్టుకుని తన ఇంటికి లాక్కుపోయింది. ఇంట్లో తమాండా, ఆమె తల్లి, అంతే. తల్లి మొక్కజొన్న పిండి ముద్ద, గుమ్మడాకు కూర పెట్టింది. కారం లేదని మన పల్నాటి పిల్ల మొహం ముడుచుకుంటే, మర్నాడు ఆ పెద్దావిడ సంతంతా గాలించి గుప్పెడు ఎండుమిరపకాయలు తెచ్చింది. ఆ పూట నుంచి ముగ్గురికీ ఒకటే కంచం.

తర్వాత మలేరియా వచ్చి జ్యోతిర్మయి మంచానికి అతుక్కుపోయింది. జావ కాచి తాగించిందీ, తల దగ్గర మోకరించి ప్రార్థన చేసిందీ ఆ తల్లే. జోరువానలో సైకిలు మీద కూర్చోబెట్టి, కూతురు తోస్తుంటే, పడిపోకుండా పట్టుకుని పెద్దాసుపత్రికి చేర్చిందీ ఆమే. "మా ఊరు పోయాక మీ గురించి అందరికీ చెబుతానమ్మా" అని ఆ రోజు జ్యోతిర్మయి ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది.

చెప్పిందా అంటే, లేదు. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా "ఎంతమందిని ప్రభువు దారిలోకి, రక్షణలోకి నడిపించావే?" అని అడిగేవాళ్లు. వాళ్లే నన్ను నడిపిస్తున్నారని ఏ మొహంతో చెబుతుంది? పస్తులుండి ప్రార్థించే వాళ్లను చిన్నబుచ్చడం దేనికిలే అని ఒక చిన్న అబద్ధమాడింది. దానికి బోలెడు స్తోత్రాలు వచ్చాయి. మరుసటిసారి ఇంకాస్త పెద్దది ఆడింది.

ఇప్పుడు తమాండా నర్సుల శిక్షణ కోసం మన దేశం వచ్చి, తిరిగి వెళ్లేముందు స్నేహితురాలిని చూడాలని మాచవరం దిగింది. ఆదివారం తమాండా, జ్యోతిర్మయి ఇచ్చిన చీర కట్టుకుని మందిరంలో ముందు వరుసలో కూర్చుంది. తెలుగు ఒక్క ముక్క రాదు. పాస్టర్ గారు మైకు జ్యోతిర్మయికి ఇచ్చి, "ఆ చీకటి దేశంలో దేవుడు నీ చేత చేయించిన కార్యాలు చెప్పమ్మా. ఆ దేశపు మనిషినే ఎదురుగా కూర్చోబెట్టుకున్నావు, ఇంకేం కావాలి!" అన్నారు.

ఈసారైనా నిజం చెప్పాలనే లేచింది పాపం. కానీ అందరి మొహాలూ ఆశగా తన మీదే ఉన్నాయి. నోటికి అలవాటైందే వచ్చేసింది.

"నేను పోయేసరికి వీళ్లింట్లో పొయ్యి వెలగట్లేదు. వీళ్లమ్మ జొరంతో చావుబతుకుల మధ్య ఉంది. నేనే జావ కాచి పోశా. మోకరించి ప్రార్థన చేశా. లేచి కూర్చుంది!"

"హల్లెలూయా! స్తోత్రం!" అంటూ మందిరం మారుమోగింది. ఒకటే చప్పట్లు.

జ్యోతిర్మయి వచ్చి పక్కన కూర్చోగానే తమాండా ఇంగ్లీషులో గుసగుసగా అడిగింది. "మా అమ్మ సంగతి చెప్పావా?"

జ్యోతిర్మయి తలూపింది.

"అయితే ఈ చప్పట్లన్నీ మా అమ్మకా!" తమాండా కళ్లు నీళ్లతో నిండిపోయాయి. జ్యోతిర్మయి సిగ్గుతో చితికిపోయింది. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనుకుంది.

ఆరాధన ముగియగానే తమాండా ఆగలేక తల్లికి వీడియో కాల్ చేసి చప్పట్ల సంగతి చెప్పింది. ఆడవాళ్లంతా ఫోన్ చుట్టూ మూగారు. తెరమీద పెద్దావిడ తలగుడ్డ సర్దుకుంటూ తన భాషలో ఏదో అంది. తమాండా దాన్ని జ్యోతిర్మయికి ఇంగ్లీషులో చెప్పింది. "నేను చేసిందెంత, కాస్త జావ కాచానంతే, దానికి అంతమందిలో నా పేరెత్తావా బిడ్డా, అంటోంది అమ్మ."

"ఏమంటందే ఆమె? నీకు దండాలు పెడతందా?" అంది సువార్తమ్మ పిన్ని. చిన్నప్పుడు జ్యోతిర్మయిని ఎత్తుకు పెంచిన మనిషి.

ఇక జ్యోతిర్మయి తట్టుకోలేకపోయింది. "పిన్నీ, నేను చెప్పిందంతా అబద్ధం! జొరం నాకొచ్చింది. జావ పోసింది ఆమె. నా కోసం ప్రార్థన చేసింది ఆమె. వాళ్ల తిండి తిని బతికాను నేను!" అని భోరుమంది.

అందరూ ఒక్క క్షణం బిక్కమొహాలేశారు. సువార్తమ్మ పిన్ని కొంగుతో కళ్లొత్తుకుంది.

"చూశారా, దీని తగ్గింపు, దీని అణకువ! చేసిందంతా ఎదుటోళ్ల ఖాతాలో ఏస్తంది!"

"కాదు పిన్నీ, నిజంగానే..."

"ఊరుకోవే. నీ గుణం మాకు తెలవదా ఏంది?"

"అదమ్మా, తగ్గింపు జీవితమంటే!" అని పాస్టర్ గారు మైకు దగ్గర నుంచే గట్టిగా అన్నారు. మళ్లీ చప్పట్లు మొదలయ్యాయి, ఇందాకటికంటే జోరుగా.

ఫోన్లో పెద్దావిడకి ఆ సందడేమిటో అర్థం కాలేదు. ఆ చప్పట్లు తన బిడ్డలాంటి జ్యోతిర్మయికే అనుకుని, నవ్వుతూ తనూ చప్పట్లు కొట్టింది.