పావురానికి సాక్షి

డెబ్బైలలో ఒక చలికాలం. హైదరాబాదు మీరాలం చెరువు గట్టున బైనాక్యులర్స్‌తో బాతులను చూస్తున్నాను. పక్కనే ఛత్రినాక పూల వ్యాపారి ఒకతను బుట్టలోంచి తన పందెం పావురాన్ని వదిలాడు. మా కాకినాడ తీరంలో ఏళ్లుగా వెతికినా కనబడని అరుదైన జాతి డేగ, అంతలోనే దాని మీదికి దూకింది. పావురం చటుక్కున పక్కకు తప్పుకుని ఇంటివైపు దూసుకుపోయింది.

"దుర్బీన్ల చూసినవు గదా అన్నా, జర మా ఇంటిదాంక రా. డేగను తప్పించుకున్నదని పెంచినోడు చెప్తే మా గల్లీల నమ్మరు. బయటోడు చూసి చెప్తేనే గెలిచినట్టు లెక్క."

మేం వెళ్లేసరికి పావురం డాబా మీద గింజలు తింటోంది. మూగిన జనానికి చూసిందంతా చెప్పాను. అతను బంతిపూల దండ తెచ్చి నా మెడలో వేశాడు.

"పావురానికి వెయ్యరా?"

"అది తెంపుకుంటదన్నా."

దండతో నేను మురిసిపోతున్నది డేగను చూసినందుకని ఆ గల్లీలో ఎవరికీ తెలియదు.