పొగ లేని పొయ్యి, పురుగు పట్టిన వెదురు

ఆమెను వీధిలో అందరూ ఎందుకమ్మ అనేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఏదో ఒక కాగితంలో ఉండే ఉంటుంది గాని, ఆ కాగితం ఏ పెట్టెలో ఉందో ఆమెకే తెలియదు. ఎవరేం చెప్పినా మొదట "ఎందుకు?" అనడం, జవాబు పూర్తిగా విన్నాక, ఇంకా మెల్లగా, "అది సరే, అసలెందుకు?" అనడం ఆమె అలవాటు. మొదటి ప్రశ్న మర్యాద కోసం. రెండోదే ప్రశ్న.

ఆ వీధిలో నలభై ఇళ్ళు. ఆడవాళ్ళందరిదీ బుట్టలల్లే పనే. వెదురు చీల్చడం, సన్నని బద్దలుగా తీయడం, ఆ బద్దల కట్టలను వంటగదిలో పొయ్యి పైనున్న అటక మీద పేర్చడం, నెలకో రెండు నెలలకో దించి వాకిట్లో కూర్చుని అల్లడం. కొత్తగా కాపురానికి వచ్చినరోజున అత్తగారు ఆమె చేతికి కత్తి ఇచ్చి, "వేళ్ళు పదే ఉంటాయి, చూసుకో" అన్నదట. ఆ ఒక్క పాఠంతోనే ముప్పై అయిదేళ్ళు నడిచిపోయాయి. భర్త పోయాడు. కొడుకు లారీ తోలుతూ నెలలో ఇరవై రోజులు దారుల మీదే ఉంటాడు. ఇంట్లో మనుషులంటే ఇక ఆమె, ఆమె కోడలు.

కోడలికి పిల్లికూతలు. చలి పొద్దుల్లో ఆ పిల్ల ఊపిరి పీలిస్తే గోడ అవతలికి వినపడేది. ఎందుకమ్మ ఆ సంగతి ఎవరితోనూ ఎత్తేది కాదు. అయితే ఆ కూత ఒక్కసారిగా ఆగినప్పుడల్లా చేతిలో బద్దను ఆపి, మళ్ళీ వినపడేదాకా చెవి ఒగ్గి కూర్చునేది.

ఎక్కడెక్కడి దాతలో ఇచ్చిన విరాళాలతో నడిచే ఒక సంస్థ ఆ వీధిలో అడుగుపెట్టింది. ఒక జీపు, ఒక నర్సమ్మ, ఒక కట్ట ఫారాలు. వాళ్ళ మాటల సారాంశం ఇది: బుట్టలను దళారీ లేకుండా సంస్థే కొంటుంది, నెలకోసారి ఆడవాళ్ళ ఆరోగ్యం చూస్తుంది, ఇంటింటా పాత పొయ్యి తీసేసి గొట్టమున్న పొగ లేని పొయ్యి కట్టిస్తుంది. పాత పొయ్యి వెలిగే ఇంటి బుట్టలను మాత్రం తీసుకోదు.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు," అంది ఎందుకమ్మ ఆ సాయంత్రం అరుగు మీద. "అడక్కుండానే పెడుతున్నారంటే వీళ్ళు అమ్మని మించినవాళ్ళైనా అయ్యుండాలి, లేకపోతే..."

"లేకపోతే?" అంది పొరుగున ఉండే చేటల వదిన. ఆ వీధిలో చేటలు అల్లేది ఆమె ఒక్కతే.

"ఆ రెండోది తేలేదాకా మొదటిది నేను నమ్మను."

"నిప్పు లేందే పొగ రాదనే మాటకి కాలం చెల్లింది వదినా. వీళ్ళు పొగే రాని నిప్పు తెచ్చారు. నువ్వింక అనుమానించడానికి ఏం మిగిలిందీ?"

"గొట్టం మిగిలిందిగా. పొగ ఎక్కడికి పోతుందో చూడాలి."

నర్సమ్మ ఇల్లిల్లూ తిరిగి ఫారాలు నింపింది. అందులో ఒక ప్రశ్న: పొగ వల్ల మీకేమైనా ఉపయోగం ఉందా? వీధంతా నవ్వింది. "ఎందుకు లేదూ, పొగుంటే మా ఆయన వంటగది గడప తొక్కడు" అన్నది చేటల వదిన. నర్సమ్మ కూడా నవ్వి, "లేదు" అన్న గడిలో గీత పెట్టింది. నలభై ఫారాల్లోనూ అదే గీత.

ఆ తరువాత ఆమె సంచిలోంచి జానెడు గొట్టం ఒకటి తీసింది. దాని మీద అంకెలు, అంకెల పక్కన జారే ఎర్రముల్లు. గట్టిగా ఊదితే ముల్లు ముందుకు పోతుంది. ఎంత దూరం పోతే ఊపిరితిత్తులు అంత గట్టివన్నమాట. మనిషి మనిషికీ మూతి దగ్గరి అట్టముక్క మార్చి ఊదించింది. చాలామందికి నాలుగు వందల దరిదాపుల్లో ఆగిన ముల్లు కోడలి దగ్గర మూడు వందల నలభైలోనే ఆగిపోయింది.

"నువ్వూ ఊదమ్మా," అంది నర్సమ్మ.

"నా ఊపిరితో నీకేం పని?"

"నీకే మంచిదమ్మా."

"అది సరే. అసలెందుకు?"

నర్సమ్మ చెప్పిన జవాబేదీ ఆమెకు ఆనలేదు. ఊదలేదు. పొయ్యిని మాత్రం కట్టించుకుంది. సంస్థను నమ్మి కాదు. కోడలి ముల్లు ఆగిన చోటును చూసి.

రెండు నెలలు వీధి కొత్తగా వెలిగింది. గోడలకు సున్నం వేశారు. కళ్ళు మండని వంట ఎలా ఉంటుందో నడివయసులో తెలుసుకున్న ఆడవాళ్ళు వంట అయిపోయాక కూడా వంటగదిలోనే కూర్చుని కబుర్లాడుకున్నారు. కోడలి ముల్లు మూడు వందల అరవై దాటింది. ఎందుకమ్మ దాన్ని చూసి ఊరుకుంది. మెచ్చుకోవడానికి తొందరేమీ లేదనుకుంది.

వానలు పడ్డాయి. ఒక ఉదయం ఆమె అటక మీది కట్టను దించబోతే ముఖం మీద పసుప్పచ్చని పిండి రాలింది. బద్దను వేళ్ళ మధ్య వంచితే అది వంగలేదు, పుటుక్కున విరిగింది. లోపలంతా సూదిబెజ్జాలు. అదే వారంలో ఇంటింటా అదే మాట. సంస్థ కొన్న బుట్టలు పట్నం నుంచి తిరిగి వచ్చాయి. వాటి అడుగున కూడా ఆ పిండే. వెదురుకు పురుగు పట్టడం ఆ వీధి ఎరగనిది.

ఎరగదు గనకనే కారణం కోసం వెతికింది. వెతకడంలో ఎందుకమ్మను మించినవారెవరు? ప్లాస్టిక్ బుట్టలమ్మే దుకాణం ముందు సంస్థ జీపు ఆగి ఉండడం ఆమె కళ్ళారా చూసింది. ఇంకేం కావాలి? ప్లాస్టిక్ వాడి డబ్బే దాతల పేరుతో వస్తోంది. పొయ్యి గొట్టంలోంచే ఏదో పురుగును దింపారు. ఊపిరి లెక్కలు రాసుకునేది ఎవరు ఎన్నాళ్ళు అల్లగలరో తెలుసుకోవడానికి. ఒక్కొక్క బద్దా మరొకదాని కిందికీ మీదికీ పోయి చక్కగా బిగిసింది. అనుమానం కూడా ఒక అల్లికే. అయితే బుట్టకు పరీక్ష బిగువు కాదు, అందులో పోసింది నిలుస్తుందా లేదా అన్నది. ఆ మాట ఆమెకు తెలుసు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి, తన ఆలోచన పేగులు మాత్రం లెక్కపెట్టకుండా ఎలా వదిలిపెడుతుంది?

కనుక పరీక్ష పెట్టింది. ఒకే వెదురు నుంచి రెండు కట్టలు తీసింది. ఒకదాన్ని వంటగది అటక మీదనే ఉంచింది. రెండోదాన్ని పెరటివైపు గదిలో, పైకప్పు కిందికి వేలాడదీసింది. అంతా వెనకటిలాగే ఉండాలని, కిటికీ లేని ఆ గదిలో మూడు రాళ్ళు పెట్టి పాతకాలపు పొయ్యి వెలిగించింది. తలుపు మూస్తే పొగ బయటికి పోదు, వీధికి తెలియదు. బద్దలు తీసే పని కూడా వానల్లో ఆ గదిలోనే సాగేది. తీసేది కోడలు.

"అత్తా, కళ్ళు మండుతున్నాయి."

"నెల్రోజులు ఓర్చుకో. వీళ్ళ బండారం బయటపెడతాను."

నెల తిరిగేసరికి అటక మీది కట్టలోంచి పిండి రాలింది. పెరటి గది కట్ట మాత్రం తేనెరంగు తేలి, వంచితే విల్లులా వంగింది. ఎందుకమ్మ గదిలో ఒంటరిగా నిలబడి ఆ బద్దను ముక్కు దగ్గర పెట్టుకుంది. అత్తగారి వాసన వచ్చింది. వెదురును అటక మీద పెట్టమన్నారే గాని, పొగ తగలాలని ముప్పై అయిదేళ్ళలో ఆమెతో ఎవరూ అనలేదు. వాళ్ళకూ ఎవరూ అని ఉండరు. మనిషికి తెలిసినవాటిలో గట్టివి, తనకు తెలుసునని కూడా తెలియనివే. అవి నోట్లో ఉండవు, చేతిలో ఉంటాయి. చేతిని ఏ ఫారమూ ప్రశ్నించదు.

పురుగును ఎవరూ దింపలేదు. కాపలాను తీసేశారు, అంతే. ఇది తేలాక కూడా ఆమె నోరు విప్పలేదు. పాత పొయ్యి సంగతి తెలిస్తే సంస్థ బుట్టలు కొనడం మానేస్తుంది. వీధికి చెబితే నలభై ఇళ్ళలోనూ రాళ్ళ పొయ్యిలు లేస్తాయి. అందుకని పెరటి తలుపు ఇంకాస్త బిగించింది. ఒక కట్ట మూడయింది, మూడు ఆరయ్యాయి.

వానలకు దారి తెగి ఒక నెల రాలేకపోయిన నర్సమ్మ తరువాతి నెల వచ్చింది. అరుగు మీద ఒక్కొక్కరే ఊదారు. అందరి ముల్లూ ఉన్నచోటో, ఇంకాస్త ముందుకో వెళ్ళింది. కోడలు ఊదింది. రెండు వందల అరవై. మళ్ళీ ఊదమంది నర్సమ్మ. రెండు వందల యాభై.

నర్సమ్మ ఫారం పక్కన పెట్టేసింది. "పొయ్యి బాగానే పనిచేస్తోందా అమ్మా? గొట్టం ఏమైనా పూడిందా?"

"మా పొయ్యికేం? నిక్షేపంలా ఉంది. నువ్వే చూసుకో వంటగది!" ఎందుకమ్మ గొంతు అవసరానికి మించి లేచింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుందని చేటల వదిన మనసులో అనుకుని, అంతటితో ఆగక పైకే అనేసింది.

ఎందుకమ్మ కోడలి వైపు తిరిగింది. "దీపమార్పినట్టు ఉఫ్ అంటే ముల్లెలా కదులుతుందే? పని తప్పించుకోవాలని ఇట్లా ఊదుతున్నావా?"

కోడలు తల వంచుకుని ఊపిరి కూడదీసుకుంటోంది. ఆ ఊపిరిలో అబద్ధం ఎక్కడుందో ఎందుకమ్మకు దొరకలేదు.

"ఇటు తే. ఊదడమంటే ఏంటో చూపిస్తా." గొట్టం లాక్కుంది. నర్సమ్మ అట్టముక్క మార్చింది. ముప్పై అయిదేళ్ళు పొయ్యి ఊదిన మనిషి, గుండెల నిండా గాలి పట్టి ఊదింది.

నూట నలభై.

ఎవరూ నవ్వలేదు. "ఇది చెడిపోయింది," అన్నది ఎందుకమ్మ. "వదినా, నువ్వూదు." చేటల వదిన ఊదింది: మూడు వందల తొంభై. "నర్సమ్మా, నువ్వు." నర్సమ్మ ఊదింది: నాలుగు వందల ఇరవై. ఎందుకమ్మ మళ్ళీ ఊదింది. నూట ముప్పై. కళ్ళ ముందు చుక్కలు కనబడితే అరుగు స్తంభాన్ని పట్టుకుంది.

గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఒకే వెదురు, రెండు కట్టలు. ఒకే గొట్టం, పెరటి గదిలో పొగ పీల్చిన ఇద్దరు, పీల్చని ఇద్దరు. తన పరీక్షను నమ్మిన మనిషి దీన్ని నమ్మనంటే ఏ ముఖం పెట్టుకుని? పొగ వెదురును కాపాడుతుంది. ఆ గదిలో వెదురుతో పాటు కోడలి ఊపిరి కూడా వేలాడుతోంది.

ఆమె గొట్టాన్ని తిరిగి ఇచ్చేసింది. "రా నర్సమ్మా. ఇదంతా నేను చేసిందే. ఈ పిల్ల తప్పేం లేదు." పెరటి తలుపు గడియ తీసింది.

నర్సమ్మ మసిబారిన గోడలను, రాళ్ళ పొయ్యిని, పైన వేలాడే బంగారపు రంగు కట్టలను చూసింది. ఎందుకమ్మ ఒక బద్దను తీసి వంచి చూపించింది. వంటగది అటక మీది బద్దను తెచ్చి విరిచి చూపించింది. అంతకుమించి చెప్పాల్సింది లేకపోయింది.

"ఒక్కమాట ముందే చెప్పుంటే ఏం పోయేదమ్మా?" అంది నర్సమ్మ, కొంచెం కోపంగానే.

"నువ్వడిగావా?"

"అడిగాను. పొగ వల్ల ఉపయోగమేంటని అందరినీ అడిగాను."

"పొగ గురించి అడిగావు. వెదురు గురించి అడిగావా?"

"లేదమ్మా, అడగలేదు," అంది నర్సమ్మ. సాకులు చెప్పకపోవడం వల్ల ఆ రోజు ఎందుకమ్మ దృష్టిలో ఆమె విలువ కొద్దిగా పెరిగింది.

"మీ జీపు ప్లాస్టిక్ దుకాణం ముందెందుకు ఆగింది?"

"బకెట్ కొనడానికమ్మా. చేతులు కడుక్కోవడం నేర్పాలి కదా, మీకే."

"అది సరే," అన్నది ఎందుకమ్మ. మిగతా సగం అనలేదు.

రాళ్ళ పొయ్యిని ఆ సాయంత్రమే తన చేతులతో పెరికేసింది. ఇళ్ళకు దూరంగా, బయలు చివర ఒక పొగగది లేచింది. గోడలు వీధివాళ్ళు కట్టారు, రేకులు సంస్థ ఇచ్చింది. కట్టలన్నీ అందులోనే వేలాడతాయి. పొయ్యి నోరు గోడకు బయటివైపు ఉంటుంది. కట్టెలు బయట నుంచే తోస్తారు, పొగ లోపలికి పోతుంది, మనిషి పోడు. నోరు అటుండాలని పట్టుబట్టింది ఎందుకమ్మే. తలుపు మీద సంస్థ పేరు రాయిస్తామని వాళ్ళడిగితే, ఎందుకని రెండుసార్లూ అడిగింది. ఇప్పటికీ ఆ తలుపు మీద ఏ పేరూ లేదు.

నర్సమ్మ నెలనెలా వస్తూనే ఉంది. అయితే ఆ ఇంటి అరుగు మీద పద్ధతి వేరు. గొట్టం తీయగానే ఎందుకమ్మ చేయి అడ్డం పెడుతుంది.

"ముందు నువ్వూదు."

నర్సమ్మ ఊదుతుంది. ముల్లు నాలుగు వందల ఇరవై దగ్గర ఆగాక, గొట్టం ఈ నెల కూడా నిజమే చెబుతోందని తేలాకే, అది కోడలి నోటి దగ్గరకు వెళుతుంది. ఆ పిల్ల ఊదేటప్పుడు ఎందుకమ్మ తన ఊపిరి బిగబడుతుంది. మొదటి నెల రెండు వందల తొంభై. తరువాత మూడు వందల ఇరవై. పోయిన నెల మూడు వందల యాభై.

"నువ్వూ ఊదమ్మా, మందు వాడితే నీదీ కొంచెం..."

"నాది ఎక్కడికీ పోదు, అక్కడే ఉంటుంది," అంటూ ఎందుకమ్మ ఫారం మీదికి వంగింది. ఆమెకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. "ముందు దానిది రాయి. నేను చూస్తుండగా రాయి."