ఇంతకీ ఆయన ఇంటికొచ్చాడా?

నూజివీడులో చాట్రాయి బస్సెక్కి, వదిలేద్దామనుకుంటున్న నవలను మళ్ళీ తెరిచాను. వందల ఏళ్ళ క్రితం మతయుద్ధానికి పరాయి దేశం వెళ్ళిన ఒక గుర్రపు యోధుడి కథ అది. పక్క సీట్లో, మామిడి కోతకు వెళ్ళి వస్తున్న ఒక పెద్దావిడ అట్ట మీద బొమ్మ చూసింది.

"ఏంటమ్మా, ఈయనకి ఒళ్ళంతా ఇనుమే?"

"కవచమండీ. దాంతోనే ఎడారి దాటాడు."

"ఎండలోనా! నూలు చొక్కా వేసుకున్నా తోటలో మాడిపోతున్నాం మేము!" అని పకపకా నవ్వింది. ముందు సీటువాళ్ళూ నవ్వారు.

తర్వాత నాచేత కథ చెప్పించుకుంది. కోటలు గెలిచిన సంగతి ఆమెకు పట్టలేదు. గుర్రానికి నీళ్ళెవరు పెట్టారని, ఇంటి దగ్గర పెళ్ళాం పిల్లల్ని ఎవరు చూశారని అడిగింది. నేను పేజీలు తిప్పి వెతకసాగాను.

ఆమె తన ఊళ్ళో దిగి, కిటికీ కిందికొచ్చి కేకేసింది. "ఇంతకీ ఆయన ఇంటికొచ్చాడా అమ్మా?"

బస్సు కదిలిపోతోంది. "వచ్చాడండీ!" అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. వెంట దిగిన ఆడవాళ్ళతో, "వచ్చాడంట!" అని చెబుతూ వెళ్ళింది.

నిజానికి నేను అక్కడిదాకా చదవలేదు. ఆమెకు అబద్ధం చెప్పానేమోనన్న భయంతో ఆ వారమే నవల పూర్తిచేశాను.

వచ్చాడు. చివరి పేజీలో, నడుచుకుంటూ వచ్చాడు.